నా వేళ్లకు తెలిసిన సంగతి

మా డయాలసిస్ సెంటరులో కష్టమైన చెయ్యి ఏదైనా వస్తే నన్నే పిలిచేవాళ్లు. విజయనగరంలో ఆ సెంటరు తెరిచిన రోజు నుంచి నేను అక్కడ సిస్టర్‌ని. వారానికి మూడు రోజులు వచ్చి, నాలుగేసి గంటలు మిషను పక్కన పడుకునే కిడ్నీ రోగులు మా వాళ్లు. వాళ్ల చేతిలో చిన్న ఆపరేషను చేసి రెండు రక్తనాళాలను కలుపుతారు. కలిపిన చోట నాళం ఉబ్బి, లావు సూదులు గుచ్చడానికి వీలవుతుంది. డాక్టర్లు దాన్ని ఫిస్టులా అంటారు. మా రోగులు నరం అంటారు. నరం బాగుంటే దాని మీద వేలు పెట్టగానే గుప్పిట్లో తేనెటీగను పట్టుకున్నట్టు సన్నగా జుమ్ముమంటుంది. ఆ జుమ్ము ఆగిపోయిందంటే మిషను ఎక్కే దారి మూసుకుపోయినట్టే.

ఆ జుమ్ములో తేడాలు నా వేళ్లకు తెలుసు. ఎక్కడ పలచబడింది, ఎక్కడ వణుకు పోయి దెబ్బ కొట్టినట్టు కొట్టుకుంటోంది, ఇంకెన్నాళ్లు పనిచేస్తుంది, పట్టుకుంటే చెప్పగలను. ఇది నాకు ఎవరూ నేర్పలేదు. ఏళ్ల తరబడి వందల చేతులు పట్టుకుంటే వచ్చింది. కష్టపడి సంపాదించుకున్న దాన్ని ఎవరికీ చెప్పేదాన్ని కాదు.

మా అమ్మ కూడా నర్సే. క్రైస్తవ మిషన్ ఆసుపత్రిలో కాన్పు గదిలో పనిచేసింది. ఆమె చేరిన కొత్తలో పెద్ద నర్సులు దగ్గరికి రానిచ్చేవారు కాదట. తలుపు పక్కన నిలబడి వాళ్ల చేతులు చూసి పని నేర్చుకుందట. నాకు ఉద్యోగం వచ్చినప్పుడు తల మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేసింది. ఆమెన్ అన్నాక మామూలు గొంతుతో, "నీకొచ్చిన పని నీ సేతిలోనే ఉంచుకోయే. అందరికీ సెప్పీసినావంటే నీకేటి మిగుల్తాది?" అంది. దేవుడితో చెప్పిన మాటల కన్నా నాతో చెప్పిన ఆ మాటే నాకు ఎక్కువ కాలం గుర్తుంది.

అలా ఉండగా మా సెంటరులో నరసన్నపేట పిల్ల చేరింది. నాకన్నా పదిహేనేళ్లు చిన్నది. వరి పండించే ఇంటి పిల్ల. డయాలసిస్ డిప్లొమా చదివి వచ్చింది. వచ్చిన మొదటి వారంలోనే మిషన్లో కొత్త బటన్లు ఎలా నొక్కాలో అందరికీ చెప్పింది. నేల తుడిచే ఆయాకి కూడా ఏ అలారం మోగితే ఎవరిని పిలవాలో నేర్పింది. నాకూ ఒకటి చెప్పింది. ఒక అలారం ఎప్పుడూ నన్ను విసిగించేది. దాన్ని ఆపే పద్ధతి ఆ పిల్ల చెప్పాక ఇక విసిగించలేదు. నేను దాన్ని రోజూ వాడుకున్నాను గానీ ఒక్కసారి కూడా "బాగా చెప్పావు" అనలేదు.

నాకు ఆ పిల్ల అంటే పడేది కాదు. ఏం తప్పు చేసింది అంటే చెప్పడానికి ఏమీ లేదు. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని ఫక్కున నవ్వేది. అవతలి మంచం దగ్గర ఆ నవ్వు వినిపిస్తే ఇక్కడ నా సూది దగ్గర నా చూపు చెదిరేది. రోగులు లోపలికి వస్తూనే, "పాప వచ్చినాదా ఈవేళ?" అని అడిగేవారు. ఇన్నేళ్లలో నేను వచ్చానా అని ఎవరైనా అడిగారేమోనని గుర్తు చేసుకునేదాన్ని. నేను ఎప్పుడూ ఉండేదాన్ని గనక ఎవరూ అడగలేదని సర్దిచెప్పుకునేదాన్ని. ఆ సర్దుబాటు మధ్యాహ్నం దాకా కూడా నిలిచేది కాదు.

వారానికోసారి, గురువారం, విశాఖపట్నం నుంచి పెద్ద డాక్టరుగారు వచ్చేవారు. ఒక గురువారం మొదటి షిఫ్టు అయ్యాక మమ్మల్నందరినీ మందుల గదిలో కూర్చోబెట్టారు. సిస్టర్లం, టెక్నీషియన్లు, మిషన్లకి నీళ్లు శుద్ధి చేసే ప్లాంటు చూసే ఆయన, అందరం.

"చూడండి, మీలో ఒక్కొక్కరి దగ్గర ఒక్కో విద్య ఉంది. నీళ్ల సంగతి ఈయనకే తెలుసు. మిషన్ల సంగతి వాళ్లకే తెలుసు. చేతుల సంగతి సిస్టర్లకే తెలుసు. ఒకరు సెలవు పెడితే ఆ విద్య కూడా సెలవు పెడుతోంది. ఇక నుంచి ప్రతి గురువారం అరగంట కూర్చుందాం. ఎవరికి తెలిసింది వాళ్లు మిగతా వాళ్లకి చెప్పండి" అన్నారు.

మంచి మాటే. కానీ ఆయన దానికి ఒక తోక తగిలించారు. గోడ మీద తెల్లబోర్డు పెట్టించి, పనికొచ్చే సంగతి చెప్పిన వాళ్ల పేరు దాని మీద రాసి, పక్కన ఎర్ర ఇంకుతో నక్షత్రం గీసేవారు. పిల్లల బడిలో లాగా. నవ్వుకున్నాం గానీ, వారం తిరిగేసరికి అందరి కళ్లూ ఆ బోర్డు మీదే.

నీళ్ల ప్లాంటు ఆయన ఎప్పుడూ నోరు విప్పని మనిషి. ఆయన కూడా క్లోరిన్ పరీక్ష ఎందుకు తప్పకూడదో వివరంగా చెప్పి నక్షత్రం తెచ్చుకున్నాడు. నరసన్నపేట పిల్లకి వారం వారం నక్షత్రమే. నా వంతు వచ్చినప్పుడు, "చేతులు సబ్బుతో బాగా కడుక్కోవాలి" అని చెప్పి కూర్చున్నాను. డాక్టరుగారు మర్యాదకి తల ఊపారు. నా పేరు పక్కన ఏమీ గీయలేదు. చేతులు కడుక్కోమని నేను కావాలనే చెప్పాను. నా దగ్గరున్న అసలు సంగతులు ఆ బోర్డు మీద ఎక్కడం నాకు ఇష్టం లేదు. అయినా నక్షత్రం రానందుకు ఆ రోజు అన్నం సయించలేదు. మనిషి మనసు ఇంత పిచ్చిది.

ఆ తరవాతి వారం అసలు దెబ్బ తగిలింది. ఆ పిల్ల లేచి నిలబడి, "రోగి సెయ్యి పైకెత్తమని సెప్పి నరాన్ని సూడాలి సార్. మంచి నరమైతే మెత్తబడిపోతాది. ఎత్తినా అలాగే ఉబ్బుకుని ఉంటే పైన ఎక్కడో దారి ఇరుకైనట్టు. సూది గుచ్చే ముందు అక్క ఇలాగ సేస్తది. నాను సూసి నేర్చుకున్నాను" అంది. అంటూ నా వైపు చూసి నవ్వింది.

ఏదీ దాచకుండా నా పేరు చెప్పింది. అయినా సభలో నా చీర కొంగు ఎవరో లాగినట్టు నాకు ఒళ్లంతా మండింది. డాక్టరుగారు, "ఎంత మంచి పరిశీలన!" అని మా ఇద్దరి పేర్లూ రాశారు. నక్షత్రం మాత్రం చెప్పిన పిల్ల పక్కన గీశారు. ఆయన మనసులో ఏమీ లేదు. బోర్డు అంచు దాకా వచ్చి చోటు చాలలేదు, అంతే. అది నాకు తెలిసి కూడా ఇంటికి వెళ్లే దారంతా ఆ నక్షత్రం గురించే ఆలోచించాను.

ఆ రోజు నుంచి చెయ్యి పరీక్షించేటప్పుడు ఆ పిల్లకి కనబడకుండా వీపు అడ్డం పెట్టడం మొదలుపెట్టాను. తలుపు దగ్గర నిలబడ్డ మా అమ్మకి ఆ పెద్ద నర్సులు వీపు ఎలా పెట్టారో, అచ్చం అలాగే.

మా రోగుల్లో సాలూరు నుంచి వచ్చే ఒక లారీ డ్రైవరు ఉండేవాడు. ఒంట్లో బాగున్నన్నాళ్లు ఒడిశా ఘాట్లలో లారీ తోలిన మనిషి. సోమ, బుధ, శుక్రవారాలు పొద్దున్నే మొదటి బస్సుకి భార్యను వెంటబెట్టుకుని వచ్చేవాడు. అందరం మావ అని పిలిచేవాళ్లం. నేను సూది గుచ్చుతుంటే, "సిస్టరమ్మా, మీ సెయ్యి నా క్లచ్చి లాగ మెత్తగుంటాది" అనేవాడు. పాప వచ్చిందా అని అడగని రోగి నాకు ఆయనొక్కడే అనిపించేది.

ఒక సోమవారం ఆయన డయాలసిస్ నేనే చేశాను. సూదులు తీశాక గాజుగుడ్డ పెట్టి నొక్కితే ఎప్పుడూ పది నిమిషాల్లో రక్తం ఆగేది. ఆ రోజు ఇరవై నిమిషాలైనా ఆగలేదు. భార్య, "ఏటమ్మా, ఇంకా ఆగలేదు?" అని రెండుసార్లు అడిగింది. ఆగాక వేలు పెట్టి చూశాను. మోచేతి కింద జుమ్ము లేదు. దెబ్బ కొట్టినట్టు కొట్టుకుంటోంది. చెయ్యి పైకెత్తించాను. నరం మెత్తబడలేదు. పైన దారి ఇరుకైంది. వెంటనే విశాఖపట్నం పంపి స్కాన్ తీయించి, బెలూనుతో దారి వెడల్పు చేయిస్తే నరం బతుకుతుంది. ఆలస్యమైతే గడ్డ కట్టుకుపోతుంది. నాకు అంతా తెలుసు.

ఆ నిమిషం నేను ఏం చేయాలో కూడా తెలుసు. డాక్టరుగారికి ఫోను చేయాలి. కనీసం పక్క మంచం దగ్గరున్న నరసన్నపేట పిల్లతో, "ఒసే, ఇటు రా, మావ చెయ్యి చూడు" అనాలి. బుధ, గురువారాలు నాకు సెలవు. కళింగపట్నంలో మా పిన్ని కొడుకు పెళ్లి. బుధవారం మావకి సూదులు గుచ్చేది ఆ పిల్లే.

నేను ఎవరికీ చెప్పలేదు. రికార్డులో "మామూలు" అని రాశాను.

ఎందుకు అని ఆ తరవాత ఎన్నోసార్లు నన్ను నేనే అడిగాను. జవాబు సిగ్గుచేటుగా ఉంటుంది గానీ చెప్తాను. పెళ్లి నుంచి గురువారం పొద్దున్నే బయల్దేరి, డాక్టరుగారి మీటింగు వేళకి వచ్చేద్దామనుకున్నాను. అందరి ముందూ మావ చెయ్యి సంగతి నేనే చెప్పాలి. యంత్రం కూడా పట్టలేని జబ్బు నా వేళ్లు పట్టాయని ఆయన ఆశ్చర్యపోవాలి. ఫోనులో చెబితే ఎవరు చూస్తారు? పిల్లకి చెబితే నక్షత్రం దానికే పోతుంది. మూడు రోజుల్లో ఏమీ కాదులే అని నాకు నేను చెప్పుకున్నాను. రోజూ రెండుసార్లు చెయ్యి పట్టుకుని జుమ్ము చూసుకోమని కూడా మావకి చెప్పలేదు. చెబితే ఆయన బుధవారం ఆ పిల్లతో అనేస్తాడని నా భయం.

బుధవారం మధ్యాహ్నం కళింగపట్నంలో చర్చి ముందు పందిట్లో భోజనాలు చేస్తున్నాం. సముద్రపు గాలికి విస్తళ్లు ఎగిరిపోతుంటే పిల్లలు వాటి వెంట పరిగెడుతున్నారు. అప్పుడు ఆ పిల్ల దగ్గర నుంచి ఫోను.

"అక్కా, మావ నరం మాటాడట్లేదక్కా" అంది. "పొద్దున్న వచ్చేసరికే ఏటీ లేదు. స్టెతస్కోపు పెట్టినాను, ఏటీ ఇనబడట్లేదు. సార్‌కి ఫోను సేసినాను. వైజాగ్ పంపించీమన్నారు. అక్కా, సోమవారం మీరు సేసినప్పుడు బాగానే ఉన్నాది కదా?"

చేతిలో అన్నం ముద్ద అలాగే ఉంది.

"బాగానే ఉంది" అన్నాను.

నా జీవితంలో ఇంత చిన్న అబద్ధం ఇంత బరువుగా ఎప్పుడూ లేదు.

విశాఖపట్నంలో నరం తెరవడానికి ప్రయత్నించారు. తెరుచుకోలేదు. మెడ పక్కన గొట్టం పెట్టి పంపించారు. అది తాత్కాలికం. ఇన్‌ఫెక్షన్ వచ్చే ప్రమాదం ఎక్కువ. తల మీంచి స్నానం లేదు. కుడి చేతిలో కొత్త ఆపరేషను చేసి, ఆ నరం ముదిరే దాకా నెలలు ఆగాలి.

గురువారం మీటింగుకి నేను అందుకున్నాను. డాక్టరుగారు ఏం జరిగిందో చెప్పి, "ఎవరైనా ముందుగా ఏదైనా గమనించారా?" అని అడిగారు. అప్పుడు నరసన్నపేట పిల్ల లేచింది. ముందటి శుక్రవారం మావకి చేసింది తనేనట. సూదులు తీశాక కట్టు గట్టిగా కట్టిందట.

"బస్సులో కారిపోతాదేమో అని బిగించినాను సార్. ఇంటికెళ్లినాక ఇప్పమని సెప్పడం మర్సిపోనాను. అందువల్లే గడ్డకట్టీసుంటాది. తప్పు నాదే" అని ఏడ్చేసింది.

శుక్రవారం కట్టిన కట్టు వల్ల అయితే సోమవారం నేను సూది గుచ్చగలిగేదాన్నే కాదు. ఆ మాట అనడానికి నాకు ఒక్క క్షణం చాలు. నేను అనలేదు. డాక్టరుగారు, "కట్టు ఒక కారణం కావచ్చు, కాకపోవచ్చు. కూర్చో" అన్నారు మెల్లగా. దాని తల వంగిపోయి ఉంటే, చెప్పడానికి నోరు రావడం లేదు గానీ, నాలో ఎక్కడో ఒక మూల కొంచెం హాయిగా అనిపించింది. వారం వారం నక్షత్రం తెచ్చుకునే పిల్ల ఇవాళ ఏడుస్తోంది. నేను అంత దాకా వెళ్లాను.

మర్నాడు శుక్రవారం మావ వచ్చాడు. మెడకి గొట్టం, దాని మీద తెల్లకట్టు. ఎడం చెయ్యి ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. నేను మెడ దగ్గర కట్టు విప్పుతుంటే ఆయన గొంతు తగ్గించి అన్నాడు.

"ఆ పిల్లనేటీ అనకండి సిస్టరమ్మా. ఇందాక నా కాళ్లట్టుకుని ఏడిసినాది. దానికేటి తెలుసు? సోమవారమే నా సెయ్యి మారిపోనాది. రగతం ఆగలేదు కదా. మీరు సెయ్యెత్తించి సూసినారు. మీ మొగమే సెప్పీసినాది నాకు. ఏదో సేస్తారనుకున్నాను."

ఆయన నన్ను తిట్టలేదు. కోపం కూడా లేదు. ఇంజను శబ్దం మారిందని తెలిసీ బండి ఆపమని చెప్పని క్లీనరు గురించి చెప్పినట్టు, ఉన్నది ఉన్నట్టు చెప్పాడు. పక్కనే స్టూలు మీద కూర్చున్న భార్య మాత్రం నా కళ్లలోకి సూటిగా చూసింది. నేను గ్లౌజులు మార్చుకునే నెపంతో స్టోరు గదిలోకి వెళ్లి తలుపు వేసుకున్నాను.

అప్పటికప్పుడే డాక్టరుగారికి ఫోను చేశాను. అంతా చెప్పాను. ఆయన అంతా విని, "ఎందుకు చెప్పలేదమ్మా?" అన్నారు.

"మీకు నేనే చెప్పాలనుకున్నాను సార్. గురువారం. అందరి ముందు."

డాక్టరుగారు, "నాకు చెప్పినట్టే వాళ్లకీ చెప్పగలరా?" అని అడిగారు.

వచ్చే గురువారం దాకా ఆగలేదు. ఆ రోజు షిఫ్టు మారే వేళకే మందుల గదిలో అందరినీ పిలిచి చెప్పాను. కూర్చుంటే చెప్పలేననిపించి నిలబడే చెప్పాను. సోమవారం ఏం చూశానో, ఎందుకు "మామూలు" అని రాశానో, ఫోనులో ఏం అబద్ధం ఆడానో. "శుక్రవారం కట్టుకీ దీనికీ సంబంధం లేదు" అని ఆ పిల్ల వైపు చూసి అన్నాను.

అది నన్ను హత్తుకుని ఏడుస్తుందనుకున్నానో ఏమో. ఏడవలేదు.

"రెండు రోజులు నాకు ముద్ద దిగలేదు" అంది. "మా అమ్మకి ఫోను సేసి ఉద్యోగం మానేస్తానని సెప్పినాను. మీరు సూస్తూ ఊరుకున్నారు."

లేచి బయటికి వెళ్లిపోయింది. తరవాత పది పదిహేను రోజులు నాతో పని మాటలు తప్ప ఇంకేమీ మాట్లాడలేదు. అక్కా అనడం మానేసి సిస్టర్ అనేది. అది న్యాయమే.

మేనేజరు నాకు మెమో ఇచ్చాడు. సంతకం పెట్టాను. మరుసటి గురువారం డాక్టరుగారు వస్తూనే తెల్లబోర్డు మీద పేర్లు, నక్షత్రాలు అన్నీ తన చేత్తోనే తుడిచేశారు. "ఇది నేను చేసిన తప్పు. పంచుకోండి అని చెబుతూ మీ మధ్య పందెం పెట్టాను" అన్నారు. ఆ బోర్డు మీద పేర్లకి బదులు మంచం నంబర్లు రాశారు. ఏ మంచం రోగి చేతిలో ఏ తేడా కనిపించినా, చూసిన వాళ్లు అప్పటికప్పుడే రాయాలి. ఎవరు రాశారో రాయక్కర్లేదు. తరవాతి షిఫ్టు వాళ్లు ముందు బోర్డు చదివాకే సూది పట్టాలి.

ఆయన మమ్మల్ని జతలుగా కూడా పనిలో పెట్టారు. నాకు జత నరసన్నపేట పిల్ల. మొదట్లో ఇద్దరం బిగదీసుకునే ఉన్నాం. చేతులు మాత్రం మాట్లాడుకోక తప్పలేదు. ఒక రోగి నరం మీద నా వేలు పెట్టి, దాని వేలు నా వేలి పక్కన పెట్టించాను. "ఇక్కడ జుమ్ముమంటోంది. ఒక అంగుళం పైకి రా. ఇప్పుడు?" అని అడిగాను. కళ్లు మూసుకుని, "కొట్టుకుంటన్నాది" అంది. "రెండింటికీ మధ్య ఎక్కడ మారిందో చూడు." అది చాలాసేపు వెతికి, "ఇక్కడ!" అని కళ్లు తెరిచింది. సరిగ్గా అక్కడే. నాకు ఆ తేడా తెలియడానికి ఏళ్లు పట్టింది. దానికి పావుగంట పట్టింది. లోపల చురుక్కుమంది. చురుక్కుమంటూ ఉండగానే, "బాగా పట్టావు" అన్నాను. ఆ పిల్లతో నేను అన్న మొదటి మంచి మాట అది.

కొన్ని నెలలకి మావకి కుడి చేతిలో కొత్త నరం కుదిరింది. మొదటిసారి సూది గుచ్చే రోజు వచ్చింది. కొత్త నరం మీద మొదటి సూది అంటే సెంటరులో అందరూ నన్నే చూస్తారు. నేను ట్రే సర్దుకుని మంచం దగ్గరికి వెళ్లాను. మావ కొంచెం ఇబ్బందిగా కదిలాడు.

"సిస్టరమ్మా, ఏటీ అనుకోకండి. ఈసారి పాపని గుచ్చమనండి" అన్నాడు.

మొహం మీద కొట్టినట్టయింది. అక్కడే ట్రే వదిలేసి వెళ్లిపోవాలనిపించింది. ఆ పిల్ల నా వెనకే నిలబడి అంతా వింది. వద్దని తల అడ్డంగా ఊపింది. నేను ట్రే దాని చేతికిచ్చి, మంచం అవతలి వైపుకి వెళ్లి మావ చెయ్యి పట్టుకున్నాను.

పిల్ల వేలితో చోటు చూసుకుని సూది దించబోయింది. అక్కడ నరం గోడ పలచగా ఉందని నాకు తెలుస్తోంది. ఇంకో క్షణం ఊరుకుంటే సూది అవతలికి పోయి చెయ్యి వాచేది. మావ ఇంకెప్పుడూ పాపని పిలవమని అనేవాడు కాదు. ఆ ఆలోచన కూడా వచ్చింది. రాలేదని అబద్ధం చెప్పను.

"అక్కడొద్దు. అర వేలు పైకి" అన్నాను.

అది ఎందుకని అడగలేదు. అర వేలు పైకి జరిపి గుచ్చింది. రక్తం ఎర్రగా గొట్టంలోకి వచ్చింది. మావ ఊపిరి వదిలి, "తెలీనేలేదు పాపా" అని మెచ్చుకున్నాడు దాన్నే. అది ప్లాస్టరు అంటిస్తూ, తల ఎత్తకుండా, "రెండో సూది ఎక్కడక్కా?" అని అడిగింది.

నేను వేలితో చూపించాను.